తాగి ఉన్న ప్రయాణికుడిని విమానం ఎక్కకముందే ఎందుకు ఆపరు?

తూర్పుగాలి (ప్రశ్న)

ఈ మధ్య ఒక సుదీర్ఘ అంతర్జాతీయ ప్రయాణంలో ఎదురైన సంఘటన గురించి, అంతకన్నా ముఖ్యంగా దాని వెనకనున్న నియమాల గురించి, తెలిసినవారిని అడగదలచుకున్నాను. మాకు రెండు వరుసల ముందు కూర్చున్న వ్యక్తి విమానం ఎక్కేటప్పటికే బాగా తాగి ఉన్నాడు. గేటు దగ్గర బోర్డింగ్ పాస్ కోసం జేబులన్నీ ఒకటికి రెండుసార్లు తడుముకున్నాడు. అది అతని చేతిలోనే ఉంది. వెనక నిలబడ్డ పెద్దావిడ మీదికి తూలి, క్షమాపణ చెప్పబోయి మళ్లీ తూలాడు. ఇదంతా చూస్తూనే గేటు దగ్గరి ఉద్యోగి పాస్ స్కాన్ చేసి లోపలికి పంపించాడు.

బయలుదేరిన తర్వాత భోజనంతోపాటు అతనికి రెండుసార్లు మద్యం ఇచ్చారు. మూడోసారి ఇవ్వబోమని చెప్పేసరికి మాట పెరిగింది. అతను పై అరలోని సంచిలోంచి డ్యూటీ ఫ్రీ సీసా తీసి తాగడం మొదలుపెట్టాడు. దాన్ని తీసుకోబోయిన ఎయిర్ హోస్టెస్ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. పక్కసీటులో చంటిబిడ్డతో ఉన్న తల్లిని వెనకవైపు సీటుకు మార్చారు. చివరకు ఇద్దరు సిబ్బంది, ఒక ప్రయాణికుడు కలిసి అతని చేతులకు ప్లాస్టిక్ పట్టీలు బిగించవలసి వచ్చింది. దిగిన వెంటనే పోలీసులు వచ్చి తీసుకువెళ్లారు గాని, గంటలోపే అతను సామాను బెల్టు దగ్గర తన సూట్‌కేసు కోసం ఎదురుచూస్తూ కనిపించాడు.

నాకున్న సందేహాలు ఇవి. నడవలేని స్థితిలో ఉన్న మనిషిని ఎక్కనివ్వకూడదన్న నిబంధన అసలు ఉందా, ఉంటే గేటు దగ్గర దాన్ని ఎవరూ ఎందుకు పట్టించుకోరు? తాగి ఉన్నాడని తెలిసినా సిబ్బంది మళ్లీ మద్యం ఎలా ఇచ్చారు? అందరి కళ్లముందు ఒక ఉద్యోగినిపై చెయ్యి చేసుకున్న వ్యక్తిని పోలీసులు అంత త్వరగా ఎలా వదిలిపెట్టగలిగారు? విమానయాన సంస్థను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు, కాబట్టి దాని పేరు చెప్పడం లేదు.

రెక్కలచప్పుడు

నేను క్యాబిన్ సిబ్బందిలో చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చే పనిలోకి మారాను. మీ మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు చెబుతాను. మూడోది న్యాయవాదులు చెప్పవలసిన విషయం.

నిబంధనలకు కొదవేమీ లేదు. అమెరికాలో ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌ఏఏ) నియమాల ప్రకారం, మత్తులో ఉన్నట్టు కనిపించే వ్యక్తిని విమాన సంస్థ ఎక్కించుకోకూడదు, ఎక్కినవాడు మత్తులో ఉన్నట్టు కనిపిస్తే అతనికి మద్యం ఇవ్వకూడదు, సంస్థ వడ్డించిన మద్యం తప్ప సొంత సీసాలోది విమానంలో ఎవరూ తాగకూడదు. బ్రిటన్‌లో 2016 నాటి ఎయిర్ నావిగేషన్ ఆర్డర్ ప్రకారం తాగిన స్థితిలో విమానంలోకి అడుగుపెట్టడమే నేరం, గొడవ చేయనక్కరలేదు. మిగిలిన దేశాల్లోనూ దాదాపు ఇటువంటి నియమాలే ఉన్నాయి, టికెట్ కొన్నప్పుడు మనం ఒప్పుకునే షరతుల్లోనూ సంస్థకు నిరాకరించే హక్కు రాసి ఉంటుంది.

అయినా గేటు దగ్గర ఎందుకు ఆగదంటే, అక్కడ నిలబడ్డ మనిషి పరిస్థితి ఎలాంటిదో చూడాలి. చాలా విమానాశ్రయాల్లో అతను విమాన సంస్థ ఉద్యోగి కూడా కాదు, ఆ పనిని గుత్తకు తీసుకున్న గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ ఉద్యోగి. ఒక్కడే స్కానర్ దగ్గర నిలబడి వందలమందిని కొద్ది నిమిషాల్లో లోపలికి పంపాలి. విమానం ఆలస్యమైతే కారణం ఎవరి ఖాతాలో పడాలో తేల్చే సంకేతాలు ఉంటాయి, ఆ ఖాతా తనది కాకూడదని ప్రతి ఒక్కరూ చూసుకుంటారు. ఒక ప్రయాణికుడిని ఆపితే అతని పేరు జాబితాలోంచి తీసేసి ఊరుకుంటే సరిపోదు; అతను చెక్-ఇన్ చేసిన సూట్‌కేసును విమానం కడుపులోంచి వెతికి దింపాలి, ఈలోగా బయలుదేరే సమయం దాటిపోతే రన్‌వే కోసం మళ్లీ వరుసలో నిలబడాలి. పైగా శ్వాసపరీక్ష చేసే యంత్రం అతని చేతిలో ఉండదు. ‘నేను తాగలేదు, నిద్ర లేదు’ అని ప్రయాణికుడు గట్టిగా అంటే, ఉద్యోగి దగ్గర ఉన్నది తన కళ్లూ ముక్కూ మాత్రమే.

ఇంకొక విషయం చాలామందికి తట్టదు. తాగినవాడు గేటు దగ్గర ఉన్న ఆ రెండు నిమిషాలూ ఒళ్లు దగ్గర పెట్టుకోగలడు. లాంజ్‌లో చివరి పిలుపు విని గబగబా గొంతులో పోసుకున్న పెగ్గు అప్పటికి రక్తంలోకి పూర్తిగా ఎక్కి ఉండదు కూడా. తాగిన అరగంట నుంచి గంటన్నర లోపు మత్తు పతాకస్థాయికి చేరుతుంది. అంటే సరిగ్గా విమానం పైకి లేచి, సీటు బెల్టు గుర్తు ఆరిపోయి, ట్రాలీ బయటికి వచ్చే వేళకు. మీరు చూసిన వ్యక్తి విషయంలో ఆ సాకు కూడా లేదనుకోండి.

తలుపు దగ్గర నిలబడి మేము చెప్పే నమస్కారం మర్యాద కోసమే కాదు. ప్రతి ముఖాన్నీ, నడకనూ, చూపునూ, వాసననూ గమనించడానికి మాకున్న మంచి అవకాశం అదొక్కటే. అనుమానం వస్తే వెంటనే క్యాబిన్ ఇన్‌చార్జికి, ఆవిడ ద్వారా కెప్టెన్‌కు చెప్పాలి. తలుపు తెరిచి ఉన్నంతసేపు మనిషిని దింపడం కొన్ని నిమిషాల ఆలస్యంతో పోతుంది. తలుపు మూసుకుని పైకి వెళ్లాక అదే పనికి విమానాన్ని వేరే దేశంలో దింపవలసి రావచ్చు. ఈ తేడా సిబ్బంది అందరికీ తెలుసు. అయినా ‘బహుశా నిద్రపోతాడులే’ అన్న ఆశ గెలుస్తూ ఉంటుంది. నిజానికి చాలాసార్లు నిద్రపోతారు కూడా, అందుకే ఆ ఆశకు అంత బలం.

మద్యం ఎలా ఇచ్చారన్న ప్రశ్నకు వస్తే, శిక్షణలో మేము ట్రాఫిక్ దీపాల పద్ధతి నేర్పుతాము. మామూలుగా ఉన్నవాడు ఆకుపచ్చ. గొంతు పెరిగినవాడు, ముఖం ఎర్రబడినవాడు, పక్కవాళ్లను అతిగా పలకరిస్తున్నవాడు పసుపు. మాట తడబడి నిలబడలేకపోతున్నవాడు ఎరుపు. పసుపులో ఉండగానే వడ్డన నెమ్మదించాలి, నీళ్లూ ఆహారమూ ముందు పెట్టాలి, పిలిచిన వెంటనే కాకుండా కాస్త ఆగి వెళ్లాలి. ముందువైపు గ్యాలీలో, అంటే ఆహారం సిద్ధం చేసే చోట, కాదనిపించుకున్నవాడు వెనకవైపు గ్యాలీకి వెళ్లి అక్కడి అమ్మాయిని అడుగుతాడు, కాబట్టి సీటు నంబరు అందరికీ చెప్పి ఉంచాలి. మీ విమానంలో జరగనిది బహుశా ఇదే. ఎక్కేటప్పుడు చూసినవారు ఒకరు, ట్రాలీ తోసినవారు మరొకరు అయి ఉంటారు.

చేతులు కట్టేయడం మాకు ఏమాత్రం ఇష్టంలేని ఆఖరి మార్గం. దానికి ముందు మాటతో హెచ్చరిక, ఆ తర్వాత కెప్టెన్ పేరుతో రాతపూర్వక హెచ్చరిక ఉంటాయి. కట్టేసిన మనిషిని బోర్లా పడుకోబెట్టకూడదు, ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఒకరు పక్కనే ఉండి కనిపెట్టుకోవాలి. అత్యవసరంగా ఖాళీ చేయవలసి వస్తే అతన్ని బయటికి తీసుకువెళ్లే బాధ్యత కూడా మాదే. ప్రతి 50 సీట్లకు ఒక్కరు చొప్పున సిబ్బంది ఉండాలన్నది చాలాచోట్ల కనీస నియమం. 180 సీట్ల విమానంలో ఉన్న నలుగురిలో ఇద్దరు ఒక్కడికే అంకితమైతే, వెనక వరుసలో ఎవరికైనా గుండెనొప్పి వచ్చినా చూసే మనిషి కరవవుతాడు. కెప్టెన్ వచ్చి సర్దిచెబితే బాగుండేదని ప్రయాణికులు అంటూ ఉంటారు. 2001 తర్వాత కాక్‌పిట్ తలుపులను పటిష్ఠం చేసి తాళం వేసి ఉంచుతున్నారు. గొడవ జరుగుతున్నప్పుడు పైలట్ బయటికి రావడం అంత ప్రమాదకరమైన పని ఇంకొకటి ఉండదు. ఆయన ఇంటర్‌ఫోన్‌లో విని నిర్ణయం తీసుకుంటాడు.

న్యాయపీఠిక

మూడో ప్రశ్నకు నేను ప్రయత్నిస్తాను. అంతర్జాతీయ విమానయాన చట్టం నా వృత్తిలో ఒక భాగం.

విమానంలో జరిగే నేరాలకు సంబంధించిన మూల ఒప్పందం 1963 సెప్టెంబరు 14న టోక్యోలో కుదిరింది, 1969 డిసెంబరులో అమలులోకి వచ్చింది. కెప్టెన్ అధికారాలకు అదే ఆధారం. ప్రయాణికులు ఎక్కాక బయటి తలుపులన్నీ మూసిన క్షణం నుంచి దిగడానికి ఏదో ఒక తలుపు తెరిచే క్షణం వరకు, విమానం భద్రతకూ లోపలి క్రమశిక్షణకూ భంగం కలిగించే వ్యక్తిని నిర్బంధించే అధికారం కెప్టెన్‌కు ఉంటుంది. సిబ్బందికి ఆయన ఆజ్ఞాపించవచ్చు, ప్రయాణికుల సహాయం కోరవచ్చు గాని వారిని బలవంతం చేయకూడదు. ఒప్పందానికి లోబడి చేసిన పని అయితే ఆ తర్వాత కెప్టెన్ మీద గాని, సాయపడిన ప్రయాణికుడి మీద గాని దావా నిలవదు. మీ విమానంలో పట్టీలు బిగించడానికి చెయ్యి అందించిన వ్యక్తికి ఈ రక్షణ ఉంది.

చిక్కు విచారణ దగ్గర వస్తుంది. ఆ ఒప్పందం విచారణాధికారాన్ని ప్రధానంగా విమానం నమోదైన దేశానికి ఇచ్చింది. 1963లో ఒక దేశపు సంస్థ ఆ దేశంలోనే నమోదైన విమానాలను నడిపేది కాబట్టి అది సబబుగానే ఉండేది. ఇప్పుడు విమానాల్లో చాలా భాగం లీజుకు తీసుకున్నవి. ఐర్లండ్‌లోనో బెర్ముడాలోనో నమోదైన విమానాన్ని వేరొక దేశపు సంస్థ నడుపుతూ, మూడో దేశంలో ఎక్కిన నాలుగో దేశపు పౌరుడిని ఐదో దేశంలో దింపవచ్చు. దిగిన చోటి పోలీసులు విమానంలోకి వస్తారు, నిందితుడిని తీసుకువెళతారు, పేరూ పాస్‌పోర్టు నంబరూ రాసుకుంటారు; ఆ తర్వాత తమ దేశపు చట్టం ఈ విమానంలో జరిగిన నేరానికి వర్తించదని గ్రహించి పంపించేస్తారు. నమోదైన దేశం వేల మైళ్ల దూరం నుంచి ఒక తాగుబోతు కోసం కేసు కట్టదు. మీరు బెల్టు దగ్గర చూసినది బహుశా ఈ లోపం ఫలితమే.

ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2014లో మాంట్రియల్‌లో ఒక ప్రోటోకాల్ కుదుర్చుకున్నారు. విమానం దిగిన దేశానికీ, విమానాన్ని నడుపుతున్న సంస్థకు చెందిన దేశానికీ కూడా విచారణాధికారం ఉండేలా అది మార్పు చేసింది. 22 దేశాలు ఆమోదించడంతో 2020 జనవరి 1న అమలులోకి వచ్చింది. కాని ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది కాబట్టి, మీరు దిగిన దేశం అందులో ఉందా లేదా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

సొంత చట్టం గట్టిగా ఉన్నచోట పరిస్థితి వేరు. అమెరికాలో సిబ్బందిపై దాడి చేసి లేదా బెదిరించి వారి విధులకు ఆటంకం కలిగిస్తే 20 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. బ్రిటన్‌లో విమానంలో తాగి ఉన్నందుకు 2 ఏళ్ల వరకు, విమానం భద్రతకు ముప్పు తెచ్చినందుకు 5 ఏళ్ల వరకు శిక్ష ఉంది. 2021 జనవరిలో ఎఫ్‌ఏఏ హెచ్చరికలతో వదిలిపెట్టే పద్ధతి మానేసి నేరుగా జరిమానాలకు దిగింది. ఆ ఏడాది ఆ సంస్థకు 5,973 ఫిర్యాదులు అందాయి. వాటిలో అత్యధికం మాస్కు పెట్టుకోనన్న గొడవలు కాబట్టి, ఆ అంకెను మద్యం ఖాతాలో రాయడం మాత్రం తప్పు.

భారతదేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధనలు ప్రవర్తనను మూడు స్థాయిలుగా విభజించాయి: నోటి దురుసుకు 3 నెలల వరకు, చెయ్యి చేసుకుంటే 6 నెలల వరకు, ప్రాణాపాయం కలిగిస్తే కనీసం 2 ఏళ్లు ప్రయాణ నిషేధం. ఫిర్యాదును విచారించే అంతర్గత సంఘానికి విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షత వహించాలి. విమానం దిగిన 12 గంటల్లోగా సంఘటనను డీజీసీఏకు తెలియజేయాలి. నా ఉద్దేశంలో శిక్షల కన్నా ఈ 12 గంటల నియమం విలువైనది. 2022 నవంబరు 26న న్యూయార్క్ నుంచి ఢిల్లీకి వచ్చిన ఎయిరిండియా విమానంలో ఒక ప్రయాణికుడు మద్యం మత్తులో వృద్ధురాలిపై మూత్రవిసర్జన చేశాడన్న ఆరోపణ వచ్చినప్పుడు, అది జనవరి మొదటి వారం దాకా నియంత్రణ సంస్థ దృష్టికి రాలేదు. డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసి, కెప్టెన్ లైసెన్సును 3 నెలలపాటు నిలిపివేసింది. నిందితుడి సంగతి కోర్టు తేలుస్తుంది. నియంత్రణ సంస్థ చర్య తీసుకున్నది మాత్రం విమానంలోనూ, దిగాక కూడా చేయవలసిన పని చేయనందుకు.

రెండోఅభిప్రాయం

పైన రాసినవన్నీ బాగానే ఉన్నాయి గాని, అసలు మూలాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. తలుపులు మూసిన గొట్టంలో, బయటికి పోలేని జనం మధ్య మద్యం వడ్డించడమే ఒక వింత. పదివేల మీటర్ల ఎత్తులో ఒక పెగ్గు నేల మీద రెండింటితో సమానమని అందరికీ తెలుసు. వడ్డించడం ఆపేస్తే ఒప్పందాలూ ప్రోటోకాళ్లూ ఏవీ అక్కరలేదు. విమానాశ్రయంలోనూ ఆపేయాలి. బయటికి వెళ్లే గేటు లేని ఇంకే ప్రదేశంలోనూ మనం మద్యం అమ్మనివ్వము.

నాడిపరీక్ష

వృత్తిరీత్యా వైద్యుణ్ణి. ‘ఒక పెగ్గు రెండింటితో సమానం’ అన్న మాట చాలా ప్రచారంలో ఉంది గాని, ఎత్తు వల్ల రక్తంలో మద్యం శాతం పెరగదు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంటుంది కాబట్టి రక్తంలో ప్రాణవాయువు కొంత తగ్గుతుంది. దానికి నిద్రలేమి, ఖాళీ కడుపు, పొడిగాలి తోడై, తాగినది ఎక్కువైనట్టు అనిపిస్తుంది. జర్మనీ అంతరిక్ష కేంద్రం పరిశోధకులు 48 మంది ఆరోగ్యవంతులపై చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాబిన్ ఒత్తిడిలో మద్యం తాగి నిద్రపోయినవారి ప్రాణవాయువు శాతం సుమారు 85కు పడిపోయింది, గుండె నిమిషానికి 88 సార్లు కొట్టుకుంది. అదే ఒత్తిడిలో మద్యం లేకుండా నిద్రపోయినవారికి ఆ అంకెలు 88, 73. అంటే, ‘తాగి నిద్రపోతాడులే’ అని సిబ్బంది పెట్టుకునే ఆశ హృద్రోగి విషయంలో అంత నిరపాయమైనది కాదు.

గొడవల వెనక నేను తరచు అనుమానించేది నిద్రమాత్రలనూ, భయం తగ్గడానికి వేసుకునే మాత్రలనూ మద్యంతో కలపడాన్ని. విమానమంటే భయపడేవారు రెండూ కలిపి తీసుకుంటారు. కొందరిలో అది నిద్రకు బదులు ఉన్మాదంలాంటి స్థితిని తెస్తుంది, మరునాడు వారికి ఏదీ గుర్తుండదు.

ఇంకొకటి కూడా గేటు ఉద్యోగి పక్షాన చెప్పాలి. తూలుతున్న ప్రతి మనిషీ తాగినవాడు కాడు. రక్తంలో చక్కెర పడిపోయిన మధుమేహ రోగి మాట తడబడుతుంది, కోపంగా కూడా ప్రవర్తిస్తాడు. చక్కెర బాగా పెరిగినవాడి శ్వాసలో వచ్చే వాసనను మద్యం వాసనగా పొరబడవచ్చు. పక్షవాతం మొదలైనవాడూ, మూర్ఛ వచ్చి తేరుకుంటున్నవాడూ అలాగే కనిపిస్తారు. అతన్ని ఆపడమే సరైన పని, కాకపోతే పోలీసులను పిలిచే ముందు వైద్యుణ్ణి పిలవాలి. రెండు కారణాల్లో ఏది నిజమైనా అతను ఆ క్షణంలో విమానం ఎక్కకూడనివాడే.

రెక్కలచప్పుడు

రెండోఅభిప్రాయం గారూ, నిషేధం గురించి మీరన్నది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. అయితే భారతదేశంలో దేశీయ విమానాల్లో మద్యం వడ్డించరు, అయినా తాగి ఎక్కి గొడవ చేసేవారు అక్కడా ఉన్నారు. పైన దొరకదని తెలిస్తే కింద ఎక్కువ తాగి ఎక్కేవారిని నేను చూశాను. ట్రాలీ మా చేతిలో ఉంటే కనీసం ఎవరు ఎంత తాగారో మాకు తెలుస్తుంది. సంచిలోని సీసా సంగతే తెలియదు. అందుకే సొంత సీసా విషయంలో నేను ఎవరితోనూ రాజీపడేదాన్ని కాదు.

విమానాశ్రయం గురించి మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రయనెయిర్ సంస్థ 2024లో విమానాశ్రయ బార్లలో ఒక్కొక్కరికి రెండు డ్రింకులకు మించి ఇవ్వకూడదని, డ్యూటీ ఫ్రీలో చేసినట్టు బోర్డింగ్ పాస్ చూపించాకే అమ్మాలని కోరింది. విమానంలో తానే మద్యం అమ్మే సంస్థ ఇలా అడగడం కొందరికి నవ్వు తెప్పించింది గాని, వాదనలో పస ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో భద్రతా తనిఖీ దాటిన తర్వాత ఉండే బార్లకు అక్కడి 2003 నాటి మద్యం లైసెన్సు చట్టం వర్తించదు. అందుకే తెల్లవారుజామున కూడా అమ్ముతారు. బారు అద్దె విమానాశ్రయానికి పోతుంది, లాభం బారు యజమానికి పోతుంది, విమానాన్ని దారి మళ్లిస్తే అయ్యే ఖర్చు సంస్థ భరిస్తుంది, మెలిపడేది మా మణికట్టు. అమ్మినవాడికి నష్టం లేనప్పుడు అతను నాలుగో గ్లాసు ఎందుకు ఆపుతాడు?

అంకెల విషయంలో కూడా కాస్త నిదానం అవసరం. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం లెక్కల ప్రకారం 2021లో 835 విమానాలకు ఒకటిగా ఉన్న దుష్ప్రవర్తన ఘటనలు 2022లో 568కి ఒకటిగా పెరిగాయి. భౌతిక దాడులు మాత్రం 17,200 విమానాలకు ఒకటి. ప్రయాణికుడికి ఇది అరుదైన విషయం. ఏడాది పొడవునా ఎగురుతూ ఉండే సిబ్బందికి అరుదు కాదు.

తూర్పుగాలి

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మరి రెండు సందేహాలు. ఇటువంటి వ్యక్తి వల్ల విమానాన్ని వేరొకచోట దింపి, మనకు తర్వాతి విమానం తప్పిపోతే పరిహారం దొరుకుతుందా? ఖర్చును అతని దగ్గర నిజంగా వసూలు చేస్తారా, లేక అది బెదిరింపు మాత్రమేనా? రెండోది, సాటి ప్రయాణికులు చేయదగినది ఏమైనా ఉందా? మా విమానంలో సగంమంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, మిగతావారు కళ్లు మూసుకున్నారు.

న్యాయపీఠిక

ఐరోపాలో విమానం బాగా ఆలస్యమైతే 261/2004 నిబంధన కింద దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం ఉంటుంది. అసాధారణ పరిస్థితులైతే సంస్థ అది ఇవ్వనక్కరలేదు. ప్రయాణికుడి దాడి వల్ల దారి మళ్లిన ఒక కేసులో ఐరోపా న్యాయస్థానం 2020 జూన్ 11న తీర్పు ఇస్తూ, ఇది అసాధారణ పరిస్థితేనని చెప్పింది. అయితే ఆ ప్రవర్తనకు సంస్థే కారణమైనా, ఎక్కే సమయంలో గాని అంతకుముందు గాని కనిపించిన సూచనలను బట్టి చర్య తీసుకోగలిగి ఉండి తీసుకోకపోయినా, ఆ మినహాయింపు వర్తించదని కూడా చెప్పింది. కాబట్టి గేటు దగ్గర తూలినవాడిని చూసిన సాక్షి ఉంటే పరిహారం కోరేవారి చెయ్యి గట్టిపడుతుంది. మినహాయింపు వర్తించినా, వీలైనంత త్వరగా గమ్యానికి చేర్చే బాధ్యత సంస్థకు ఉంటుంది.

గాయపడినవారి సంగతి వేరు. 1999 మాంట్రియల్ ఒప్పందం కింద విమానంలో జరిగిన ‘ప్రమాదం’ వల్ల కలిగిన శరీర గాయానికి సంస్థ బాధ్యత వహిస్తుంది. సంస్థ మత్తులో ఉన్నవాడికి తెలిసి తెలిసి మద్యం పోయగా అతను తోటి ప్రయాణికుడిపై దాడి చేశాడన్న ఆరోపణ నిజమైతే అది ప్రమాదం కిందికి రావచ్చని, ఈ విషయంలో ఇదే అర్థమున్న పాత వార్సా ఒప్పందం కింద, 2000లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఒకటి అన్నది. మూడోసారి నిరాకరించడం మంచిదే. ముందు రెండు గ్లాసులు ఎందుకు ఇచ్చారన్నది కోర్టులో వచ్చే ప్రశ్న.

వసూలు విషయానికొస్తే, అది ఉత్త బెదిరింపు కాదు. లండన్‌కు బయలుదేరి కాల్గరీకి తిరిగి రావలసి వచ్చిన వెస్ట్‌జెట్ విమానం విషయంలో, తాగి గొడవ చేసిన ప్రయాణికుడు సుమారు 21,000 కెనడా డాలర్లు చెల్లించాలని 2019లో అక్కడి కోర్టు ఆదేశించింది. దిగడానికి బరువు తగ్గించుకోవాలని గాలిలో వదిలేసిన ఇంధనం ఖర్చు అది. డబ్లిన్ నుంచి లాంజరోటీ వెళుతూ పోర్టోలో దిగి, ప్రయాణికులందరినీ రాత్రంతా అక్కడే ఉంచవలసి వచ్చిన 2024 నాటి సంఘటనపై రయనెయిర్ 15,000 యూరోలకు దావా వేసింది. అసలు నష్టంతో పోలిస్తే ఇవి చిన్న మొత్తాలే. నిందితుడి దగ్గర డబ్బు లేకపోతే తీర్పు కాగితంగానే మిగులుతుంది, అందుకే చాలా సంస్థలు కోర్టుకు వెళ్లే శ్రమ పడవు.

రెక్కలచప్పుడు

సాటి ప్రయాణికుల గురించి రెండు మాటలు. సిబ్బంది అడిగితే తప్ప మీరు అతనితో మాటకు దిగవద్దు. చుట్టూ ప్రేక్షకులు పెరిగేకొద్దీ తాగినవాడు వెనక్కి తగ్గడు. వీడియో తీయడం సాక్ష్యంగా పనికివస్తుంది గాని, కూర్చున్న చోటి నుంచి తీయండి, నడవాలోకి రావద్దు. మీ సీటు పక్కనే జరుగుతుంటే వేరే సీటు అడగడానికి మొహమాటపడవద్దు. విమానం నిండి ఉన్నా సిబ్బంది కూర్చునే సీట్ల దాకా ఏదో ఒక ఏర్పాటు చూస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దిగే ముందు చేయవలసిన పని. సిబ్బంది రాసే నివేదికకు సాక్షుల పేర్లూ సీటు నంబర్లూ కావాలి. దిగాక అందరూ తర్వాతి విమానాల కోసం పరుగెత్తుతారు, సిబ్బంది మరునాడు వేరే దేశంలో ఉంటారు, పోలీసుల దగ్గర కేసు బలహీనపడేది అక్కడే. కాబట్టి తలుపు తెరవకముందే క్యాబిన్ ఇన్‌చార్జి దగ్గరకు కబురు పంపి, మీరు చూసినది సమయంతో సహా ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. విన్నవి కాకుండా కళ్లారా చూసినవే రాయండి: సీసా ఎక్కడి నుంచి తీశాడు, ఏ చేత్తో ఎవరిని పట్టుకున్నాడు, ఆమె ఎన్నిసార్లు వదలమంది. గేటు దగ్గర మీ కంటపడినది కూడా అందులోనే రాయండి. ఆ కాగితానికి ఫోనుతో ఒక ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, సంస్థకు ఫిర్యాదు పంపేటప్పుడు దాన్ని జతచేసి, తమ నివేదిక సంఖ్య ఎంతో తెలియజేయమని అడగండి.